చీటీ లేని పూలు

ఆ సోమవారం ఉదయం సోలాంజ్ వెర్నే మేకప్ గది తలుపు తీసేసరికి అద్దం ముందు బల్ల మీద కార్నేషన్ పూల కట్ట ఉంది. పాతికకు తక్కువ ఉండవు. ముదురు ఎరుపు. ఎవరో పౌడరు డబ్బాను పక్కకు జరిపి, కట్టను దువ్వెనల మీద అడ్డంగా పెట్టి వెళ్ళారు.

ఆమె తలుపు పిడి మీద చెయ్యి తీయకుండా కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత దగ్గరికి వెళ్ళి చీటీ కోసం వెతికింది. కాడల మధ్య చూసింది. బల్ల కింద వంగి చూసింది. చీటీ లేదు.

రంగస్థలం మీద బతికినవాళ్ళకు ఆ పూల అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పారిస్ నాటకశాలల్లో పూర్వం ఒక పద్ధతి ఉండేది. సీజను ముగిసే రోజున యజమాని నటీమణుల గదులకు పూలు పంపేవాడు. గులాబీలు వచ్చినామె వచ్చే ఏడు కూడా ఉంటుంది. కార్నేషన్లు వచ్చినామె పెట్టె సర్దుకోవాలి. మొహం మీద చెప్పే బాధ యజమానికి తప్పేది. ఆ పద్ధతి దాదాపు పోయింది, భయం మాత్రం పోలేదు. నాటకాల నుంచి సినిమాల్లోకి కూడా పాకింది. నటికి కార్నేషన్లు ఇవ్వకూడదని నీస్‌లో ఈ స్టూడియో బయట పూలమ్మే ముసలమ్మకు కూడా తెలుసు.

సోలాంజ్‌కు ఆ సంగతి విని తెలిసింది కాదు, చూసి తెలిసింది. పంతొమ్మిదేళ్ళప్పుడు పారిస్‌లో ఒక చిన్న నాటకశాలలో పళ్ళెం మోసే పనిమనిషి వేషాలు వేసేది. అక్కడ మదామ్ ఓర్తాల్ అనే పెద్దావిడ ఉండేది. ఇరవై రెండేళ్ళుగా అదే వేదిక మీద రాణి వేషాలు. ఒక సాయంత్రం ఆవిడ గదిలో తెల్ల కార్నేషన్లు కనబడ్డాయి. ఆవిడ రంగు తుడుచుకుంది, బూట్లు వేసుకుంది, వెనక గుమ్మం గుండా వెళ్ళిపోయింది. మెట్ల మీద ఎదురైన సోలాంజ్ భుజం తట్టి "జలుబు చెయ్యకుండా చూసుకో పిల్లా" అంది, అంతే. ఆ రోజు సోలాంజ్ ఒట్టు పెట్టుకుంది. నా వంతు వస్తే నేను వెనక గుమ్మం నుంచి పోను.

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ వంతు వచ్చిందనుకుంది.

అలా అనుకోవడానికి కారణాలు లేకపోలేదు. యుద్ధం రోజుల్లో సినిమాల్లోకి వచ్చింది. మొదటి రెండు సినిమాల్లో తెర మీద పెదవులు ఆమెవి, గొంతు ఇంకొకామెది. దక్షిణాది యాసతో మాట్లాడే కథానాయికను పారిస్‌లో ఎవరూ చూడరన్నారు. రెండేళ్ళపాటు సీసా బిరడా పళ్ళ మధ్య కరిచి పట్టుకుని యాసను వదిలించుకుంది. ఆ తర్వాత పదకొండు సినిమాలు. గోడల మీద ఆమె మొహం ఇంతింత. సబ్బు పెట్టెల మీద కూడా. తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే వేషాలు పలచబడ్డాయి. మొదట కథానాయకుడి వదిన, ఆ తర్వాత అత్త. రెండేళ్ళు అదీ లేదు. వయసు పత్రికలకు ముప్పైమూడు చెప్పేది, అద్దానికి ముప్పైఎనిమిదని తెలుసు.

అలాంటప్పుడు దర్శకుడు లూసియెన్ ఫార్జ్ ఈ వేషం తెచ్చాడు. రేవు పక్కన చిన్న హోటలు నడుపుకునే వితంతువు. కథంతా ఆమె మీదే. నిర్మాత రూదియే మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ఆయనకు జిస్లెన్ అనే ఇరవైనాలుగేళ్ళ అమ్మాయి కావాలి. ఫార్జ్ రెండు నెలలు ఆయన చుట్టూ తిరిగి, బతిమాలి, పోట్లాడి సోలాంజ్‌ను నిలబెట్టాడు. చివరికి రూదియే ఒక మాట మీద దిగాడు. మొదటి వారం తీసింది చూస్తాను, అప్పుడు తేలుస్తాను.

శుక్రవారం చూశాడు. దీపాలు వెలిగాక లేచి, చేతి తొడుగులు వేసుకుని, "చలిగా ఉంది ఈ గదిలో" అని వెళ్ళిపోయాడు.

ఫార్జ్ మాత్రం ఆమెను కారు దాకా సాగనంపుతూ, "సోమవారం వంటగది సీను మిగిలింది కదా, దాంతో ఆయన నోరు మూతపడుతుంది. ఆదివారం నిద్రపో" అన్నాడు. ఆమె ఆదివారమంతా వంటగది సీను మాటలు వల్లెవేసుకుంటూనే ఉంది.

ఇస్త్రీ చేసిన బట్టలు చేతి మీద వేసుకుని జెలీ లోపలికి వచ్చింది. పన్నెండేళ్ళుగా సోలాంజ్‌కు బట్టలు తొడిగే మనిషి, ఉత్తరాదిది. పూలను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవడు పెట్టాడీ దరిద్రాన్ని ఇక్కడ?"

"నువ్వు కాదుగా?"

"నేనా? నేనైతే చేత్తో ముట్టుకోను తల్లీ. నువ్వూ ముట్టుకోకు. కిటికీలోంచి విసిరేస్తానుండు."

"ఉండనీ. చీటీ లేదు చూశావా?"

"ఎవడో అభిమాని అయ్యుంటాడు. వాళ్ళకేం తెలుసు మన గోల?"

"అభిమాని పేరు రాయకుండా పూలిస్తాడా జెలీ? పేరు రాయడానికేగా వాడు పూలిచ్చేది!"

జెలీ బట్టలు కుర్చీ మీద పరిచింది. "నాకు జన్మలో ఒక్కడు పూలిచ్చాడు. శవపేటికలు చేసేవాడు. ఎక్కడివని నేనడగలేదు." సోలాంజ్ నవ్వకపోయేసరికి గొంతు తగ్గించింది. "ఒక్క నిమిషం ఆగు. గేటు దగ్గర తూసాంని అడిగొస్తా. ఏ పురుగు లోపలికొచ్చినా ఆ కోర్సికావాడికి తెలుస్తుంది."

"అక్కర్లేదు."

"అడిగితే పోయేదేముంది?"

"సోలాంజ్ వెర్నేను ఎవరు గెంటేశారో కాపలావాణ్ణి అడిగి తెలుసుకోవాలా? నాకు తెలీదా ఎవరో?"

పూలను రెండు చేతులా ఎత్తింది. నీళ్ళు ఆమె గౌను మీద కారాయి. లవంగం లాంటి ఆ వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఆమె లోపల ఏదో కదిలింది కానీ ఏమిటని ఆగి చూసుకునే స్థితిలో లేదు. జెలీ వెనక నుంచి "తల్లీ, కనీసం బూట్లు మార్చుకో, ఇంటి చెప్పులతోనే కారెక్కి వచ్చావు" అంటూనే ఉంది.

సెట్టు మీద హోటలు వంటగది వేసి ఉంది. రాగి గిన్నెలు, ఉల్లిపాయల దండలు. దీపాలు సరిచేస్తున్న కుర్రాళ్ళు ఆమె చేతిలో పూలు చూసి పక్కకు తప్పుకున్నారు. ఒకడు కీడు తనకు అంటకుండా చేతిని వీపు వెనక్కి పెట్టి చెక్కను తాకాడు. రూదియే కెమెరా పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఫార్జ్ మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద సుద్దగీత గీస్తున్నాడు.

సోలాంజ్ పూలను వంటబల్ల మీద, సరిగ్గా దీపం కింద పడేసింది.

"మీ పూలు అందాయి, మిస్యే రూదియే."

రూదియే కప్పు దించి చూశాడు. "ఇవి నేను పంపలేదు మదామ్. నాకు పూలు పడవు, తుమ్ములొస్తాయి."

"మీలాంటివాళ్ళు ఒప్పుకుంటారా? ఒప్పుకునే ధైర్యమే ఉంటే నోటితోనే చెప్పేవాళ్ళు."

"సోలాంజ్," అంటూ ఫార్జ్ లేచాడు. చేతికి సుద్ద అంటి ఉంది. "రా, బయట మాట్లాడుకుందాం. ఏదో పొరపాటు."

"పొరపాటు నాదే లూసియెన్. నిన్ను నమ్మడం. శుక్రవారం కారు తలుపు తీసి పట్టుకున్నావే, అప్పటికే తెలుసు కదా నీకు? ఆదివారం నిద్రపొమ్మన్నావు! పిరికివాడివి. రెండు నెలలు నా కోసం పోట్లాడానని ఊరంతా చెప్పుకుని, చివరికి ఆయన కాఫీ కప్పు మోసే మనిషివయ్యావు."

నలభై మంది ఉన్నారు అక్కడ. ఎక్కడో సుత్తి దెబ్బ వినబడుతున్నది కూడా ఆగింది. ఫార్జ్ సుద్దముక్కను జేబులో వేసుకుని, మళ్ళీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు.

రూదియే ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. "అయితే మీరు వేషం వదిలేస్తున్నారనా మదామ్?"

"వదిలేస్తున్నాను. మీ జిస్లెన్‌ను పిలిపించుకోండి. నేను వెళ్ళేది మాత్రం వెనక గుమ్మం నుంచి కాదు, వీళ్ళందరి ముందు నుంచి."

"తప్పకుండా. రెండు ముక్కలు రాసివ్వగలరా?"

షాట్ల వివరాలు రాసుకునే అమ్మాయి దగ్గర కాగితం తీసుకుని ఆయనే అందించాడు. ఆ అందించడంలోని మర్యాద చూసైనా ఆమె ఆగి ఉండాల్సింది. ఆగలేదు. నిలబడే రాసింది, కింద పెద్ద అక్షరాలతో సంతకం చేసింది, ఇంటి చెప్పులతోనే సెట్టు దాటి వాకిట్లోకి నడిచింది. ఎండ కళ్ళలో పొడిచింది.

గేటు దగ్గర తూసాం కుర్చీలోంచి లేచి టోపీ తీశాడు.

"పూలు నచ్చాయా మదామ్? నేనే పెట్టాను గదిలో. జెలీ లేదు, నీళ్ళు చల్లి మరీ పెట్టాను."

సోలాంజ్ నిలబడిపోయింది.

"ఎవరిచ్చారు?"

"ఎవరో ముసలాయన. టోపీ, కార్డురాయ్ కోటు. తొలి బస్సుకే వచ్చినట్టున్నాడు. మదామ్ వెర్నేకివ్వండి అన్నాడు. ఎవరని చెప్పమంటారు పెద్దాయనా అంటే, పేరొద్దులే బాబూ, ఇచ్చెయ్ చాలు అన్నాడు. ఇవి నటులకు ఇచ్చే పూలు కావయ్యా అందామనుకున్నాను. కానీ ఆ మొహం చూశాక నోరు రాలేదు. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు వాటిని." తూసాం రోడ్డు అవతల చెట్టు చూపించాడు. "అక్కడ నిలబడ్డాడు మీ కారు వచ్చేదాకా. మీరు లోపలికి వెళ్ళాక బస్సెక్కాడు."

ఆమెకు గుర్తొచ్చింది. కారు మలుపు తిరుగుతుంటే చెట్టు కింద ఎవరో చెయ్యి సగం ఎత్తారు. సంతకాలు అడిగేవాళ్ళలో ఒకడనుకుని కోటు కాలరు పైకి లాక్కుంది.

"ఏ ఊరి బస్సు?"

"ఆంతీబ్ బస్సు."

అప్పటికి జెలీ వగరుస్తూ వచ్చింది, ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో ఏప్రాన్‌లో చుట్టిన పూలు. "అక్కడ ఒక్కడూ వీటిని ముట్టుకోవట్లేదు, సీను ఆగిపోయింది. నేనే మోసుకొచ్చాను, నా కర్మ. ఇదేంటో చూడు తల్లీ, ప్రతి పువ్వు మెడకీ దారం కట్టి ఉంది."

సోలాంజ్ ఒక పువ్వు తీసి చూసింది. రేకుల కింద ఆకుపచ్చ దొన్నె పగిలిపోకుండా సన్నని నీలం దారం ఒక చుట్టు చుట్టి, చిన్న ముడి వేసి ఉంది. ఆ ముడి ఆమె వేళ్ళకు తెలుసు. ఆరేళ్ళప్పుడు అమ్మ నేర్పింది. పాత ఏప్రాన్ల నుంచి నీలం దారాలు లాగి, కొండ మీద పూలమళ్ళలో కూర్చుని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా రోజుకు వందల మొగ్గలకు వేసేది. అప్పుడామె పేరు సోలాంజ్ వెర్నే కాదు. ఒనొరీన్ జిరోదో. ఇంట్లో నోరీన్. కార్నేషన్ల రైతు బాతిస్తాన్ కూతురు.

పొద్దున్న ఆ పూలను చేతుల్లోకి తీసుకుంది. వాటిలో నీలం దారం తప్ప అన్నీ చూసింది.

జెలీ చేతిలోని బూట్లు అందుకోకుండానే ఆమె వెనక్కి పరుగెత్తింది. ఫార్జ్ వాకిట్లోనే సిగరెట్టు వెలిగించుకుంటూ కనబడ్డాడు.

"లూసియెన్, నాది తప్పు. పూలు మా నాన్నవి. ఆయన పంపాడు. ఆయనకు తెలీదు."

"మీ నాన్న సముద్రంలో పోయాడన్నావు కదా."

పదేళ్ళ క్రితం ఒక పత్రిక వాళ్ళు అడిగినప్పుడు, పక్కనున్న ప్రచారం మనిషి ఆమె తండ్రి ఓడ కెప్టెన్ అన్నాడు, తుపానులో పోయాడన్నాడు. ఆమె తలూపింది. అంతే చేసింది, తలూపింది.

"రూదియే పారిస్‌కు ఫోను చేసేశాడు," అన్నాడు ఫార్జ్. "జిస్లెన్ సాయంత్రం రైలెక్కుతుంది. నువ్వు రాసిన కాగితం జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్ళాడు. చాలా ఆకలిగా ఉన్నాడు."

"నువ్వు ఒక్కసారి అడిగితే..."

"నలభై మంది ముందు నన్ను పిరికివాడన్నావు సోలాంజ్. ఇప్పుడు నేనెళ్ళి ఆయన్ని బతిమాలితే నువ్వన్నది నిజమవుతుంది." సిగరెట్టు సగంలోనే కింద పడేశాడు. "శుక్రవారం తీసింది నిజంగా బాగుంది. ఆయనకు అది మింగుడు పడకే చలిగా ఉందన్నాడు. నీకు చెబుదామనుకున్నా. సీను చెడుతుందేమోనని ఆగాను."

ఆ మాటతో ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బస్సులో ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. ఆంతీబ్‌లో దిగి కొండదారి పట్టింది. ఫిబ్రవరిలో పడిన మంచు దెబ్బ ఇంకా అన్ని మళ్ళ మీదా కనబడుతోంది. వరసల నిండా నల్లబడి వాలిన మొక్కలు, ఉడకబెట్టి పారబోసినట్టు. నాన్న ఉత్తరంలో "చలి బాగా ఉంది" అని ఒక్క ముక్క రాశాడు. ఆ ఉత్తరానికి జవాబు ఇంకా రాయలేదు.

బాతిస్తాన్ అద్దాల పందిరి పక్కన గడ్డిచాపలు విప్పుతున్నాడు. డెబ్భై దాటాయి. ఉన్నవాటిలో ఆ ఒక్క పందిరే బతికినట్టుంది, అందులోనూ సగం వరసల్లో ఎర్రటి మొగ్గలు ఇంకా రెండో మూడో తప్ప లేవు. మిగతావన్నీ కోసేసిన కాడలు.

కూతుర్ని చూసి ఆయన నిటారుగా నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు, తీయలేదు.

"నోరీన్. పనిరోజు కదా ఇవాళ?"

"పనిరోజే నాన్నా."

"తిన్నావా? శనగపిండి అట్టు ఉంది, పొద్దుటిది. చల్లారింది." ఆగి, అటు చూస్తూ అడిగాడు. "పూలు అందాయా?"

"అందాయి."

"రేకులు నలగలేదు కదా? బస్సులో ఒక లావుపాటావిడ పక్కన కూర్చుంది. దారంతా పోట్లాటే."

"నలగలేదు నాన్నా. బాగున్నాయి." ఆమె ఇంకాస్త దగ్గరికి వెళ్ళింది. "చీటీ ఎందుకు పెట్టలేదు?"

ఆయన చాప మీది గడ్డిపోచ ఒకటి తుంచాడు. "ఏమని రాయను? మంగలి దుకాణంలో పత్రిక చూపించాడులే ఎవరో, అప్పుడెప్పుడో. తుపానులో పోయినవాడు చీటీ రాస్తే అక్కడివాళ్ళు బెదిరిపోరూ?" అని నవ్వాడు. కోపం లేదు ఆ నవ్వులో. అది ఉన్నా బాగుండేది. "పెద్ద వేషమని రాశావు, అదీ నీస్‌లోనే అని. చేతులు ఊరుకోలేదు. మంచు తినగా మిగిలినవి కోశాను. పేరు లేకపోతే నీకేం చిక్కుండదనుకున్నా. దారం చూసి నువ్వు ఎలాగూ కనుక్కుంటావని."

ఆమె పందిరి చెక్క పట్టుకుని నిలబడింది. ఆ పూలకు తన వృత్తిలో ఏం అర్థమో ఈయనకు ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్ళుగా అవే పెంచి, అవే అమ్మి, వాటితోనే ఆమెను పెంచాడు. చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన చేతులు చూసి మూసుకుంది.

"ఆ వేషం ఇప్పుడు ఇంకో అమ్మాయి వేస్తోంది నాన్నా."

ఆయన చాపను కింద పెట్టాడు. "నేను రావడం వల్ల ఏమైనా అయిందా?"

"లేదు. నా వల్లే."

అది అబద్ధం కాదు. ఆ రోజంతటిలో ఆమె ఖాయంగా చెప్పగలిగింది ఆ ఒక్క మాటే.

ఎండ కొండ అంచుకు దిగుతోంది. అది పోయేలోగా, రాత్రి మంచు తగలకుండా అద్దాల మీద చాపలు పరవాలి. ఆయన చాప ఒక కొసను ఆమెకు అందించాడు, ఆమె పట్టుకుంది. ఇద్దరూ చెరో పక్కా నడుస్తూ పరుస్తుంటే, కింది దారిలో బుట్ట మోసుకుంటూ పొరుగావిడ ఆగింది. మూడేళ్ళ క్రితం ఇటలీ వైపు నుంచి వచ్చి పక్క మడి కౌలుకు తీసుకున్నామె, గట్టి గొంతు.

"బాతిస్తాన్! సిల్కు గౌను వేసుకున్నావిడ చేత చాపలు మోయిస్తున్నావా? ఎవరయ్యా ఆవిడ?"

ఆయన కూతురి వైపు చూడలేదు. అలవాటైన పనిలా, గట్టిగా, వెంటనే కేకేశాడు.

"పూలు కొనడానికొచ్చిన మదామ్! పట్నం నుంచి!"

సోలాంజ్ చేతిలో చాప కొస ఆగింది. అంత తొందరగా వచ్చిందంటే ఆ మాట ఎన్నేళ్ళుగా సిద్ధంగా పెట్టుకున్నాడో.

"పూలు కొనడానికి కాదమ్మా," అంది ఆమె. మాట బయటికి వచ్చాక గానీ తెలియలేదు, అది బిరడా కరవకముందటి గొంతు. "నేను ఈయన కూతుర్ని. నోరీన్."

"కూతురా? నీకు కూతురుందని ఒక్కనాడూ అనలేదేంటయ్యా! ఎన్నాళ్ళుంటావమ్మా?"

ముసలాయన చాప వదిలేసి, టోపీ తీసి, దాంతో మొహం తుడుచుకుంటున్నాడు. ఎంతసేపటికీ మళ్ళీ పెట్టుకోవడం లేదు. అవతలి కొస గాలికి లేస్తుంటే ఆమె అద్దాల మీదుగా వంగి, ఇంటి చెప్పు జారుతుంటే అదిమిపట్టి, ఆ చాపను ఒక్కతే కిందికి లాగింది.